తప్పయింది, తప్పు చేసిన

(2024 మే 31, శుక్రవారం సాయంత్రం రియాద్‌ల, రాష్ట్రం వచ్చి పదేండ్లు నిండుతున్న సందర్భంగా కలుసుకున్న తెలంగాణ మిత్రుల ముందు మాట్లాడింది. రాసి ఇయ్యమని కొందరు అడిగితే అక్కడక్కడ సర్ది ఇస్తున్న.)

మనకు వారంల దొరికేది ఒక్క శుక్రవారం. బట్టలు పిండుకునేది ఆ రోజే, ఇంటికి తీరుబాటుగ ఫోన్ చేసేది ఆ రోజే, కంటి నిండ నిద్రపొయ్యేది ఆ రోజే. అది ఇడిసిపెట్టి, ఈ ఎండల ఊరవతల ఇస్తిరాహ దాక వచ్చిన్రు. మీ టైము పాడు చేస్తనేమో అని నా భయం.

పదేండ్ల తెలంగాణ మీద మాట్లాడమని నన్ను పిలిచిన్రు. నీళ్ళ లెక్కలు, కొలువుల లెక్కలు చెప్పేటోళ్ళు నా తర్వాత ఇద్దరున్నరు, నాకంటె బాగ చదువుకున్నోళ్ళు. నేను గోదాంల స్టోర్ కీపర్ను. వచ్చిన సామాను ఎంత, పోయిన సామాను ఎంత, తక్కువ పడ్డది ఎంత, ఇదే నా చదువు. అందుకే ఒక్క చిన్న ప్రశ్న పట్టుకొని వచ్చిన.

మొన్న బతాల చాయ్ తాగుతుంటే మన జగిత్యాల దిక్కు పిల్లగాడు ఒకడు అడిగిండు. కొత్తగ వచ్చిండు, ఇరవై మూడేండ్లుంటయి. ఉద్యమం నాటికి బడిల ఉన్నోడు. ఫోన్ల ఏదో వీడియో చూసుకుంట, "కాకా, చిదంబరం సారీ చెప్పిండు గదా, ఇంక మీకు ఆయన మీద కోపమెందుకు?" అన్నడు. ఎగతాళికి అడగలే, నిజంగనే అడిగిండు. నేను నోరు తెరిచి, మల్ల మూసుకున్న. చాయ్ చల్లారింది గని జవాబు రాలే. ఆ జవాబు ఇయ్యాల మీ ముందర వెతుకుత.

ముందు ఆయన ఏమన్నడో చెప్పుకుందాం. పోయినేడు నవంబర్ల, అసెంబ్లీ పోలింగుకు రెండు వారాల ముందు, చిదంబరం హైదరాబాద్ వచ్చి విలేకరులతోని మాట్లాడిండు. ఉద్యమంల కొందరి ప్రాణాలు పోయినందుకు సారీ అన్నడు. ఆ ఎంటనే, దానికి కేంద్ర ప్రభుత్వాన్ని బాధ్యుల్ని చెయ్యలేరు, ఒక రాష్ట్రం ఏర్పాటు చేసుడంటె అల్కటి పని కాదు, ప్రజల ఉద్యమం మీదనే రాష్ట్రం వచ్చింది అన్న అర్థం వచ్చే మాటలు కూడ అన్నడు. బీఆర్ఎస్ వాళ్ళు అది క్షమాపణే కాదన్నరు. కాంగ్రెస్ వాళ్ళు ఇంకేం చెప్పాలె అన్నరు. నవంబర్ 30న పోలింగయింది, సర్కారు మారింది, ఆ మాట పాతపడ్డది.

మనలో పాతోళ్ళకు ఆయన పేరు వింటె రెండు తారీఖులు యాదికొస్తయి. 2009 డిసెంబర్ 9 రాత్రి. ఢిల్లీల పదకొండున్నర అయితుంటె ఇక్కడ తొమ్మిది. కేసీఆర్ దీక్ష పదకొండో రోజు. మా క్యాంపుల పదహారు మందికి ఒక్క టీవీ. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలు పెడుతం అని హోంమంత్రి చెప్పంగనే పక్క రూము నేపాలీలు కొట్లాట అనుకొని ఉరికొచ్చిన్రు, అట్ల అరిచినం. ఆ రాత్రి ఖర్జూరాలు, పెప్సీ, అంతకంటె ఏముంటయి మనకు. పద్నాలుగు రోజులకు డిసెంబర్ 23. అదే మనిషి, అదే నోరు. పరిస్థితి మారింది, అన్ని పార్టీలతోని విస్తృతంగ చర్చించాలె అన్నడు. ఆ రెండో మాట నుంచి 2014 జూన్ 2 దాక నాలుగున్నర ఏండ్లకు కొంచెం తక్కువ. అమరుల లెక్కల ఎక్కువ పేర్లు ఆ ఏండ్లయే. ఆయన సారీ చెప్పింది ఆ పేర్లకు.

ఇక అడుగుదాం. ఒకడు తప్పు ఒప్పుకుంటున్నడంటె నిజంగ ఒప్పుకుంటున్నడా, లేకపోతె పని ఎల్లదీసుకుంటున్నడా, ఎట్ల తెలుస్తది?

మన భాషల ఒక వెసులుబాటున్నది, మీరు గమనించిన్రో లేదో. మనం "తప్పయింది" అంటం. పాలు పొంగినయి, కరెంటు పోయింది, తప్పయింది. అది దానంతట అదే అయింది, చేసినోడు ఎవడూ కనపడడు. "తప్పు చేసిన" అనాలంటె నాలుక తిరగదు. నేను మా ఇంట్ల, మీరు మీ ఇంట్ల ఎన్నిసార్లు అన్నమో లెక్క పెట్టుకుంటె చేతి వేళ్ళు కూడ నిండవు. ఇక్కడ అరబ్బీల "మాలిష్" అంటరు. కాలు తొక్కినోడు మాలిష్ అంటడు, తొక్కిచ్చుకున్నోన్ని సముదాయించేటోడు కూడ మాలిష్ అంటడు. తప్పు నాదీ అదే మాట, పోనియ్యి అనేదీ అదే మాట. పదిహేడేండ్ల సంది ఈ మాట వింటున్న, ఏ మాలిష్ ఏ రకమో ఇప్పటికీ మొఖం చూసి చెప్పలేను.

మొఖం చూసి చెప్పలేమనేదే నేను ఈ దేశంల నేర్చుకున్న మొదటి సంగతి. దానికి రెండు ముచ్చట్లు చెప్త.

మొదటిది నేను రాకముందుది. మా మండలంల ఒక ఏజెంటుండె. 2006ల ఆజాద్ వీసా అని చెప్పి నా దగ్గర ఎనభై వేలు తీసుకున్నడు. మిత్తికి తెచ్చిన పైసలు. ముంబైల ఇరవై రోజులుంచి వాపసు పంపిండు. ఊర్ల పెద్దమనుషులను కూసోబెడితె ఆయన ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా కండ్ల ముందున్నది. కాళ్ళ మీద పడ్డడు. నా కంటె పదేండ్లు పెద్దోడు నా కాళ్ళు పట్టుకున్నడు. పిల్లల మీద ఒట్టు పెట్టిండు, చెంపలు ఏసుకున్నడు. మా బాపు కరిగిపోయిండు, "పోనీ బిడ్డా, మనిషి కుమిలిపోతుండు" అన్నడు. ముప్పై వేలు చేతుల పెట్టి, మిగిలింది పంటకు ఇస్త అన్నడు. నేను మాఫ్ చేసిన. పెద్దమనసు చేసుకున్ననని నా మీద నాకే గర్వం. మరుసటేడు అదే మనిషి పక్క ఊరోళ్ళను ముగ్గురిని అదే తీరుగ ముంచిండు. అందుల ఒకడు ఇంటికి మొఖం చూపెట్టలేక ఏండ్లకేండ్లు భివండీల మగ్గాల మీద ఉండిపోయిండు. ఆ ముగ్గురి పైసలల్ల నా పెద్దమనసు వాటా ఎంతున్నదో నాకు తెలుసు.

రెండోది ఇక్కడిదే, 2012ల. కంపెనీ పేరొద్దు. సైటు మీద రాగి కేబుల్ చుట్ట ఒకటి తక్కువ పడ్డది. మా ముదీర్, పొద్దున బస్సు ఎక్కేకాడ నలభై మంది ముందర మన దిక్కు పిల్లగాన్ని "హరామీ" అన్నడు. జీతంల పద్నాలుగు వందల రియాళ్ళు కోసిండు. మూడు వారాలకు ఆ చుట్ట ఇంకో సైటుల దొరికింది. లారోడు తప్పు సైటుల దింపిపోయిండు, కాయితం మీద నేనే చూపెట్టిన. ముదీర్ ఆ పిల్లగాన్ని రూముల పిలిచి, తలుపేసి, చాయ్ పోసి మాలిష్ అన్నడట. పిల్లగాడు చాయ్ ముట్టలే. "సార్, నలభై మంది ముందట అన్నరు, నలభై మంది ముందటనే చెప్పున్రి" అన్నడు. అంత ధైర్యం వాడికి ఎక్కడిదో నాకు తెల్వదు, నాకైతె ఉండకపోవు. నాలుగు రోజులు ఏం లేదు. ఐదో రోజు పొద్దున ముదీర్ బస్సు మెట్టు మీద నిలబడి, మొఖం గంటు పెట్టుకొని, ఎవరి దిక్కు చూడకుంట, నేను ఇతన్ని దొంగ అన్న, ఇతను దొంగ కాదు, తప్పు నాది, అని మూడు ముక్కలు చెప్పి దిగిండు. ఆ నెల జీతంల పద్నాలుగు వందలు పడ్డయి. కాయితం లేకుంట ఎవరి జీతం కొయ్యొద్దని అకౌంటెంటుకు చీటీ పోయింది. ఆ చీటీ నేనే ఫైల్ల పెట్టిన.

ఆయన లోపల ఏమున్నదో? పైనుంచి ఎవరో గట్టిగ చెప్పి ఉంటరు, అదే నా అనుమానం. మనసుల ఇంత పశ్చాత్తాపం కూడ లేకపోవచ్చు. ఏజెంటు మనసుల నిజంగనే ఆ నిమిషానికి బాధ ఉండి ఉండొచ్చు, అంత ఏడుపు ఉత్తగ రాదు. అయినా మీరే చెప్పున్రి, ఎవరిది క్షమాపణ?

ఈ ముచ్చట మా రూముల నడిస్తే, యాకుత్‌పురా నుంచి వచ్చిన మా ఎలక్ట్రీషియన్ భాయి, ఐదు పూటలు నమాజు చేసే మనిషి, నవ్విండు. "దీనికి మీరు ఇంత ఆలోచిస్తున్నరు, మా ఆలిములు ఏనాడో రాసిపెట్టిన్రు" అన్నడు. తౌబా అంటె ఆ పని ఆపాలె, చేసినందుకు లోపల నొచ్చుకోవాలె, మల్ల చెయ్యనని గట్టిగ అనుకోవాలె. ఇవి దేవునికీ నీకూ మధ్య. తప్పు ఇంకో మనిషికి చేసినవంటె ఇంకొకటి ఎక్కువ. వాని హక్కు వానికి వాపస్ ఇయ్యాలె, లేదా వాడు మాఫ్ చెయ్యాలె. హుఖూఖుల్ ఇబాద్ అంటరట, మనుషుల హక్కులు. నువ్వు నాకు బాకీ ఉంటె, రాత్రంత మసీదుల ఏడ్చినా ఆ బాకీ తీరదు, నా దగ్గరికి రావాలె. నేను హిందువును, నాకు ఇది కొత్తగ అనిపించలే. మన ఊర్లల్ల "తప్పు కట్టుడు" అంటం గదా, తప్పు అన్నా అదే మాట, దానికి కట్టే దండుగ అన్నా అదే మాట. కుల పంచాయితీలను పొగుడుతలేను, ఆ పంచాయితీలల్ల ఆడోళ్ళకు, లేనోళ్ళకు ఎంత అన్యాయం జరిగిందో మనకు తెలుసు. మాట మాత్రం చూడున్రి, తప్పు ఒప్పుకునుడు అంటె కట్టుడే అని ఎవరో ముందే అనుకున్నరు.

పెద్దోళ్ళు చెప్పే క్షమాపణలు ఈ లెక్కల పెట్టి చూస్తె ఎక్కడో ఒకచోట తక్కువ పడుతనే ఉంటయి. 2013 జూన్ 6న బ్రిటన్ విదేశాంగ మంత్రి విలియం హేగ్ పార్లమెంటుల, కెన్యాల మౌ మౌ తిరుగుబాటు నాడు జైళ్ళల్ల చిత్రహింసలు పడ్డోళ్ళ గురించి విచారిస్తున్నం అన్నడు. 5,228 మందికి సుమారు రెండు కోట్ల పౌండ్లు కట్టిన్రు. అదే ప్రసంగంల, వలస పాలకులు చేసినదానికి మా ప్రభుత్వానికి చట్టపరంగ బాధ్యత లేదు అని కూడ అన్నడు. పైసలిచ్చిన్రు, బాధ్యత తీసుకోలే. మన దగ్గర మన్మోహన్ సింగ్ 2005 ఆగస్టుల రాజ్యసభల 1984 సిక్కుల ఊచకోతకు సిగ్గుతోని తల దించుకుంటున్న అన్నడు, సాకులు చెప్పలే. ఆయన సొంతంగ చేసిందేం లేదు, ఆయన కూడ సిక్కే. చేసినోళ్ళు? సజ్జన్ కుమార్‌కు శిక్ష పడేటందుకు 2018 డిసెంబర్ రావాల్సి వచ్చింది, 34 ఏండ్లు. చెయ్యనోడు తల దించుకుంటడు, చేసినోడు తల ఎత్తుకొని తిరుగుతడు. ఇది ఒక్క దేశం సంగతి కాదు.

చిదంబరం మాటను నా గోదాం లెక్కల పెడితె ఇట్ల వస్తది. ప్రాణాలు పోయినయి అన్నడు, పాలు పొంగినయి అన్నట్టే. తొమ్మిదో తారీఖు మాట ఇచ్చి ఇరవై మూడున వాపస్ తీసుకున్నది నేను అనలే. ఇయ్యాల్సిన మాట అదొక్కటే. రాష్ట్రం చేసుడు అల్కటి కాదంటె నేను ఒప్పుకుంట, కాదు. అసెంబ్లీల అంతమంది రాజీనామాలు పెట్టినప్పుడు ఏ హోంమంత్రికైనా కాళ్ళు వణుకుతయి, అది కూడ ఒప్పుకుంట. అయినా కష్టమైన పని తప్పుగ చేసినోడు, పని కష్టమని చెప్తె క్షమాపణ అయితదా? పైగ ఎన్నికలకు రెండు వారాల ముందు. దుకాణం తెరిచే ముందర తలుపు కడిగినట్టు.

ఇంక ఒక మాట కూడ ఉన్నది, "ఇచ్చినం గదా". తెలంగాణ ఇచ్చినం గదా, ఇంకేంది? ఇచ్చుడనే మాట మనకు గల్ఫోళ్ళకు బాగ తెలుసు. 2013ల, 2017ల సౌదీ సర్కారు ఆమ్నెస్టీ పెడితె మన పేపర్లు క్షమాభిక్ష అని రాసినయి. కఫీల్ జీతమియ్యక, ఇఖామా రెన్యువల్ చెయ్యక, మీదికెల్లి హురూబ్ పెట్టిండు. ఖల్లివెల్లి అయ్యి నాలుగేండ్లు దాక్కొని బతికినోడు లైన్ల నిలబడి, వేలిముద్ర ఏసి, ఖురూజ్ తీసుకొని పోయిండు. మాఫ్ చెయ్యాల్సినోడు వాడు, మాఫీ తీసుకున్నోడూ వాడే. దాని పేరు భిక్ష. సర్కారు మీద నాకేం ఫిర్యాదు లేదు, వేలమంది ఇల్లు చేరిన్రు, మంచిదే. నేను అనేది, మాట తలకిందులైతె మనకు వీపు కాలినా తెల్వది అని.

ఇక్కడి దాక చెప్పి ఆపితె మీరు చప్పట్లు కొడుతరు. ఆ పిల్లగానికి జవాబు దొరికింది, ఇంటికి పోవచ్చు. నాకు కూడ మొన్నటి దాక అట్లనే అనిపించింది.

ఏప్రిల్ నెలల మా మలయాళీ కొలీగ్ ఒకడు రోజూ ఫోన్ల ఒక యాప్ చూపెడుతుండె. మీరు కూడ విన్నరు. కోజికోడ్ దిక్కు మనిషి, 2006ల రియాద్‌కు డ్రైవర్‌గ వచ్చిండు, నడవలేని పిల్లగాన్ని చూసుకునే పని పడ్డది, ఆ పిల్లగాడు చనిపోయిండు. ఈయనకు మరణశిక్ష. పద్దెనిమిదేండ్ల సంది జైల్ల ఉన్నడు. ఆ కుటుంబం చివరికి కోటిన్నర రియాళ్ళ దియ్యకు ఒప్పుకున్నది, మన పేపర్లోళ్ళు బ్లడ్ మనీ అని రాస్తరు. ముప్పై నాలుగు కోట్ల రూపాయలు. కేరళోళ్ళు, దేశదేశాల మలయాళీలు పది, వంద, వెయ్యి ఏసి జమ చేసిన్రు. ఆ అంకె పెరుగుతుంటె మావోని కండ్లల్ల నీళ్ళు. మనోళ్ళు కూడ ఇట్ల ఒక్కటైతె అని నాకు కొంచెం కుళ్ళు కూడ అయింది, అబద్ధమెందుకు.

దాని మీద మాట్లాడుకుంటున్నప్పుడు కోర్టు పనులు తెలిసిన ఒక పెద్దమనిషి చెప్పిండు. ఇక్కడ హత్య కేసుల రెండు హక్కులుంటయి. అల్ హఖ్ అల్ ఖాస్, చనిపోయినోని వారసుల సొంత హక్కు. అల్ హఖ్ అల్ ఆమ్, అందరి తరఫున సర్కారు హక్కు. ప్రాణానికి ప్రాణం అన్న శిక్ష వారసుల హక్కు. గవర్నర్లు, షేకులు, ఎంబసీలు బతిమిలాడొచ్చు, మధ్యల కూసోవచ్చు, వాళ్ళ బదులు మాఫ్ మాత్రం చెయ్యలేరు. వారసులల్ల చిన్నపిల్లలుంటె, వాళ్ళు పెద్దయి సొంత నోటితోని చెప్పేదాక ఏండ్లకేండ్లు ఆగిన కేసులున్నయట. ఈ చట్టం మంచిదా చెడ్డదా అనే చర్చ నాది కాదు. నాకు అందుల ఒక్కటి గట్టిగ తగిలింది. చిదంబరం సారీ చెప్తె ఒప్పుకోము అన్నది ఒక పార్టీ, ఒప్పుకోవాలె అన్నది ఇంకో పార్టీ, కోపం పోలే అన్నది బతాల చాయ్ తాగుతున్న నేను. మాల్ ఎవరిది, సంతకం ఎవరు పెడుతున్నరు? నాలుగున్నర ఏండ్లు ఆలస్యమైంది, దాని మీద అడిగే హక్కు మనందరిది, అది అల్ హఖ్ అల్ ఆమ్, దాన్ని నేను ఇడువను. పోయిన ప్రాణం మీద హక్కు ఆ అవ్వలది, అయ్యలది. వాళ్ళను ఆయన అడగలే. మనం అడిగినమా?

ఇప్పుడు చెప్పేది ఈ పద్నాలుగేండ్లల్ల నేను ఎక్కడా చెప్పలే.

2010 జనవరిల మనం రూములల్ల మీటింగులు పెట్టుకుంటుంటిమి, యాదికున్నదా. అట్లాంటి ఒకదాంట్ల నేను మాట్లాడిన. ఇరవై నిమిషాలు. ప్రాణాలిచ్చిన పిల్లలను వీరులన్న, వాళ్ళ బాటల నడువాలె అన్న. ఆ మాటలు నావే, ఎవరో రాసిచ్చినయి కావు. ఒకరు ఫోన్ల రికార్డు చేసిన్రు, అది మెమరీ కార్డుల మీద మా ఊరు దాక పోయింది, సౌదీల మనోడు ఎట్ల మాట్లాడిండో చూడున్రి అని తిప్పుకున్నరు. ఫిబ్రవరిల మా వాడకట్టు పిల్లగాడు, డిగ్రీ రెండో ఏడు, ప్రాణం తీసుకున్నడు. నా ముచ్చట విని చేసిండని నేను అనలేను, ఎవరూ అనలేరు. ఆ పిల్లగానికి ఇంకా ఏమేం బాధలున్నయో. మన నాయకులు, ప్రొఫెసర్లు అప్పుడు వేదికల మీదికెల్లి చావొద్దు బిడ్డా, బతికి కొట్లాడుదాం అని మొత్తుకున్నరు. నేను ఆ మాట అనలే. ఇక్కడ ఏసీ రూముల కూసోని, నెల జీతం తీసుకుంట, చచ్చిపోయినోళ్ళను పొగిడిన. వాళ్ళను తలుచుకునుడు వేరు, ఆ పనిని పొగుడుడు వేరు. ఆ రెంటికీ నడుమ ఒక పిల్లగాడు నిలబడి వింటుండొచ్చని నాకు తోచలే.

2014 జూలైల సెలవుకు పోయిన. రాష్ట్రం వచ్చింది, ఊరంత పండుగ. ఒక శాలువ, పిల్లగాని ఫోటో పెద్దగ చేయించిన ఫ్రేము పట్టుకొని వాళ్ళింటికి పోయిన, ఇద్దరు ముగ్గురిని ఎంటబెట్టుకొని. వాళ్ళమ్మ నాకు వరుసకు చిన్నమ్మయితది. బీడీలు చేస్తుండె, చాట పక్కకు పెట్టి లేచింది. శాలువ కప్పినం, ఫోటో తీసుకున్నం. మావోళ్ళు బయటికి పోయినంక నేను ఆగి, "చిన్నమ్మా, అప్పుడు నేను మాట్లాడింది తప్పయింది. గని రాష్ట్రమైతె వచ్చింది గదా" అన్న.

ఆమె ఏమన్లే. నా దిక్కు చూసింది. "నీళ్ళు తాగుతవా కొడుకా" అన్నది. చెంబు తెచ్చి ఇచ్చింది, తాగిన, వచ్చిన. మాఫ్ చేసిందనుకున్న. తొమ్మిదేండ్లు అట్లనే అనుకున్న. పండుగకు రెండు వేలు, మూడు వేలు పంపిన, ఆమె తీసుకున్నది, అందుకే నా నమ్మకం ఇంకా గట్టిపడ్డది.

పోయిన నవంబర్ల చిదంబరం వీడియో చూస్తుంటె, "ఎంత మోసం చూడున్రి, సారీ చెప్పి ఎంటనే ఒక గని పెడుతుండు" అని నేనే గట్టిగ అన్న, రూముల అందరు వినేటట్టు. అన్నంక నోట్ల ముద్ద దిగలే. అది నా మాటనే. తప్పయింది, గని రాష్ట్రం వచ్చింది గదా. హోంమంత్రి అన్నా, స్టోర్ కీపర్ అన్నా ఒక్కటే వాక్యం. ఆయన కనీసం హైదరాబాద్ వచ్చి అందరి ముందర అన్నడు. నేను నా ప్రసంగం వంద మంది ముందర చేసి, తప్పయింది అనే మాట అందరిని బయటికి పంపి అన్న. రూముల తలుపేసి చాయ్ పోసిన ముదీర్ ఎవరు మరి?

ఆమె నీళ్ళిచ్చింది, అంతే. ఇంటికి వచ్చినోనికి నీళ్ళిచ్చుడు మన అవ్వల మర్యాద. దాన్ని నేను సంతకం అనుకున్న.

ఏజెంటు ముచ్చట ఇందుకే చెప్పిన. తొందరపడి మాఫ్ చేస్తె పక్కోడు మునుగుతడని అప్పుడు నేర్చుకున్న. మాఫ్ చెయ్యకముందే చేసిన్రు అనుకునేటోడు కూడ ఉంటడని ఇప్పుడు తెలిసింది. వాడు నేను.

ఒకరిద్దరు అడుగుతరు, నువ్వొక్కనివేనా, ఉద్యమంల అందరు అట్లనే మాట్లాడిన్రు గదా అని. మాట్లాడిన్రు. అందుకే ఈ ముచ్చట ఇక్కడ మీ ముందర పెట్టిన, బస్సు మెట్టు మీద నిలబడ్డట్టు. 2010ల ఆ రూముల ఉన్నోళ్ళు ఈడ ఆరుగురున్నరు, నాకు కనపడుతున్నరు. ఆ రోజు నేను చెప్పింది తప్పు. తప్పు చేసిన.

ఆగస్టుల నాకు సెలవున్నది, టికెట్ అయింది. చిన్నమ్మ కాడికి పోత, ఈసారి శాలువ లేదు, ఫోటో లేదు, ఎంట ఎవరూ లేరు. నేను ఏం చేసిన్నో చెప్త, రాష్ట్రం ముచ్చట తియ్య. ఆమె పో అంటె వస్త. ఇంకేమన్నా అంటె వింట. మాఫ్ చేస్తె చేస్తది, చెయ్యకపోతె ఆమె హక్కు, తర్వాత కూడ పైసలు ఆగవు. రికార్డింగు విన్న పిల్లలు మా ఊర్ల ఇంకా ఉన్నరు, ముప్పై దాటినయి వాళ్ళకు. యూత్ సంఘం కాడ కూసోని వాళ్ళకు కూడ చెప్పాలె. అది నాకు చిన్నమ్మ ముందర చెప్పేదాని కంటె కష్టంగ కనపడుతున్నది.

మీతోని ఒక పనున్నది. అమరుల కుటుంబాలల్ల సర్కారు సాయం అందనోళ్ళు ఇంకా ఉన్నరు. కాయితాలు లేవని ఒకరివి, లిస్టుల పేరు రాలేదని ఒకరివి ఆగిపోయినయి. మీ ఊర్లల్ల, మీ సుట్టాలల్ల అట్లాంటోళ్ళుంటె, వాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటెనే, కాయితాల జిరాక్సులు జూలై ఆఖరు లోపల నాకు పంపున్రి. కలెక్టరేటుల తిరిగేటందుకు నాకు ఇరవై రోజులుంటయి. అడగకుంట ఎవరి పేరూ నాకు ఇయ్యకున్రి.

జగిత్యాల తమ్మి ఈడనే ఉన్నడు, ఎనుక లైన్ల. బిడ్డా, నువ్వు అడిగినదానికి నా కాడ సగం జవాబే ఉన్నది, మిగతా సగం ఆగస్టుల వచ్చినంక చెప్త.

మాట పొడుగైంది. అవతల బగారన్నం చల్లారుతున్నది, తర్వాత మాట్లాడేటోళ్ళు వాచీలు చూసుకుంటున్నరు. జై తెలంగాణ.